ఖాళీ డిస్కు వయసు

డిస్కు ఖాళీగా ఉందని పొద్దుటి నుంచి ఆ దుకాణంలో అందరూ చెబుతూనే ఉన్నారు. అది ఎప్పటి నుంచి ఖాళీగా ఉందో మాత్రం ఒక్కరూ అడగలేదు.

స్వరూప ఆ ప్రశ్నను ప్రస్తుతానికి కొంగున ముడి వేసుకుని, ముందు మనుషుల నాణ్యం చూద్దామనుకుంది. బేగంబజార్‌లో సగం జీవితం గల్లాపెట్టె వెనుక గడిపిన మనిషి ఆమె. మొదట తండ్రితో కలిసి స్టీలు గిన్నెలు అమ్మింది. తరువాత సొంతంగా పాత కంప్యూటర్ల సామాను పెట్టింది. ఆ లైనులో ఎవరు ఎవరికి ఏ నాసిరకం అంటగట్టారో పట్టిచ్చి పట్టిచ్చి, చివరికి పట్టివ్వడమే వ్యాపారం చేసుకుంది. శాలిబండలో ఆమె గది ముందు డిటెక్టివ్ అని బోర్డు ఉంటుంది. సరుకును చూసే కన్నుతోనే మనిషినీ చూస్తుంది. ఆ కన్ను తప్పదన్న గర్వం ఆమెకు నిండా ఉంది. దాన్ని ఎవరి దగ్గరా దాచుకోలేదు.

రామలింగయ్యది ఇత్తడి దుకాణం. గుళ్ళకు హారతి పళ్ళాలు, దీపపు కుందెలు, మకర తోరణాలు చేసి పంపుతారు. ఆయన తాత చేత్తో గీసిన నగిషీ డిజైన్లే ఆ ఇంటి ఆస్తి. కాగితాలు చెదలు పట్టిపోతుంటే వాటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక్కొక్క గీతా సరిచేసి నిలబెట్టింది దుకాణంలో కంప్యూటర్ పని చూసే డానియేలు. ఈమధ్యే నగిషీ చెక్కే మిషన్ కొన్నారు. దాన్ని నడిపే ప్రోగ్రాము లినక్స్‌లో తప్ప నడవదు. బిల్లుల ప్రోగ్రామేమో విండోస్‌లో తప్ప నడవదు. అందుకని డానియేలు ఒకే కంప్యూటర్‌లో రెండూ పెట్టాడు. స్విచ్ వేయగానే మెనూ వస్తుంది. ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు.

నిన్న సాయంత్రం మిషన్ నడిచింది. ఈ పొద్దున నల్లటి తెర వచ్చింది. డిజైన్లున్న డిస్కులో ఒక్క గీత కూడా లేదు. డానియేలు కావాలనే చెరిపాడని రామలింగయ్య పోలీసు ఫిర్యాదు రాసి, సంతకం పెట్టి, ఇత్తడి కుందె కింద పెట్టాడు. భోజనం కాగానే స్టేషన్‌కు బయలుదేరతాడు. అంతలోపు స్వరూప వేరే దొంగను చూపిస్తే సరే, లేకపోతే డానియేలు ఇక ఏ బజారులోనూ తలెత్తి నడవలేడు.

"సేటూ, పొద్దున దుకాణం తెరిచింది ఎవరు?" అని మొదలుపెట్టింది స్వరూప.

"నేనే. నేను గాక ఇంకెవరు తెరుస్తరమ్మా. తాళాలు నా మొలతాడుకే ఉంటయి."

"తెరిచినంక?"

"దేవునికి దీపం పెట్టి గల్లా మీద కూసున్న. డానియేలు వచ్చి స్విచ్ ఏసిండు, నెత్తి పట్టుకున్నడు. గంతే."

"మీరు కంప్యూటర్ దిక్కు పోయిన్రా?"

"ఆడ నాకేం పని? దసరకు మా ఇంటామె పసుపు కుంకుమ పెట్టింది. ఆనాటి సంది నేను దాని మీద చెయ్యి ఏసింది లేదు. నిన్న పోలే, ఇయ్యాల పోలే. ఆ మూలకే పోలే."

అడిగినదానికన్నా ఎక్కువ తూచి పోసే దుకాణదారుణ్ణి స్వరూప ఎప్పుడూ కొంచెం ఆగి చూస్తుంది. ఇప్పుడూ ఆగి చూసింది. తరువాత డానియేలు వైపు తిరిగింది.

డానియేలు గోనెసంచుల పక్కన నిలబడి ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఇస్త్రీ చొక్కా, కడిగిన ముఖం. తప్పు చేసినవాడి వంకర ఆ నిలబడటంలో లేదు.

"నేను చేసిన పనిల కసర లేదు, లోపం లేదు అక్కా," అన్నాడు తనే ముందుగా.

"కసర లేకుంటే డిస్కు ఖాళీ ఎట్లయింది? మొదటి నుంచి చెప్పు. నాకు తెల్వదనుకొని తగ్గించి చెప్పకు."

"కంప్యూటర్ డబ్బా లోపట రెండు డిస్కులున్నయి. చిన్నదాంట్ల విండోస్. పెద్దదాంట్ల డిజైన్లు. పెద్దదాంట్ల కొంచెం జాగ ఖాళీ చేసి లినక్స్ పెడదామని చూసిన. మొదలు అది సాగలే. చదువుత గని రాయ అని మొండికేసింది."

"ఎందుకు?"

"విండోస్‌ను బంద్ చేస్తే పూరా బంద్ గాదు. జల్ది లేవనీకని సగం నిద్రల ఉంటది. నిద్రల ఉన్న డిస్కు మీద లినక్స్ రాయదు. సెట్టింగులల్ల పోయి ఆ నిద్ర తీసేసిన, గప్పుడు దారికొచ్చింది. అయినా జాగ తగ్గించే పని లినక్స్‌కు అప్పజెప్పలే. విండోస్ సర్దిన ఇల్లు విండోసే జరుపుకోవాలె. విండోస్‌ల నుంచే తగ్గించి, మిగిలిన ఖాళీ జాగల లినక్స్ పెట్టిన. డిజైన్లున్న భాగాన్ని ముట్టనేలేదు."

"నకలు తీసుకోకుంటనే మొదలువెట్టినవా?"

డానియేలు ముఖం కొంచెం కందింది. "ఇంకో డిస్కు కొనియ్యున్రి, నకలు తీసినంకనే షురు చేస్త అన్న. సేటు సరే అన్నడు. రేపు, ఎల్లుండి అనుకుంట జరిపిండు. ఆఖరికి ఏం కాదు, నువ్వు చెయ్ అన్నడు. చేసిన. చేసినందుకు మిషన్ నడిచింది గద. పళ్ళెం మీద చిలుక దింపితే సేటే షాబాష్ అన్నడు."

"డబ్బా మూత తెరిచినవా?"

"ఎందుకు తెరుస్త? పెన్‌డ్రైవ్ బయట నుంచే పెడ్తం. బొట్టు పెట్టిన డబ్బా అక్కా అది. మా చర్చిల హార్మోనియం మీద ఎవరన్న చాయ్ గిలాస పెడితే మేము ఊకుంటమా? గట్లనే ఇది."

"పొద్దున తెర మీద ఏమొచ్చింది?"

"అసుంటి డివైస్ లేదు అని ఇంగ్లీషుల ఒక్క లైను. మెనూ చిన్న డిస్కుల ఉంటది, అది పోవలసిన ఇల్లేమో పెద్ద డిస్కుల. దర్వాజ ఉన్నది, లోపట ఇల్లు లేదు."

"ఇల్లు లేదు కాదు తమ్మీ, ఇల్లు కూలగొట్టినవ్," అంది వెనుక నుంచి ఒక గొంతు.

ప్రేమ్‌రాజ్ కంప్యూటర్ ముందు నుంచి కుర్చీ తిప్పాడు. అతనూ డిటెక్టివే, అందులోనూ కంప్యూటర్ కేసులకు పేరున్నవాడు. రామలింగయ్య తమ్ముడు కొండల్ పెట్టుకున్న మనిషి. అన్నదమ్ములు వేరుపడుతున్నారు, డిజైన్లన్నిటికీ ఒక నకలు ఈ వారంలోనే కొండల్‌కు ఇవ్వాలని పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నారు. సరిగ్గా ఈ వారమే డిస్కు ఖాళీ అయింది. అన్న ఎవరినో డబ్బుతో కొన్నాడనో, డానియేలే బయటివాళ్ళకు అమ్ముకున్నాడనో కొండల్‌కు అనుమానం. తమ్ముడు ఒక డిటెక్టివ్‌ను దింపేసరికి అన్న కూడా ఒకరిని దింపక తప్పలేదు. గిన్నెలమ్మిన మనిషే అయితే కంప్యూటర్ చూసి తల ఊపి పోతుందని రామలింగయ్య లెక్క వేసుకుని ఉండవచ్చు. ఆ లెక్క స్వరూపకు ఇంకా తెలియదు.

"స్వరూపక్కా, గిన్నెల దుకాణం మూసి గీ దుకాణం ఎప్పుడు తెరిచినవ్?" అన్నాడు ప్రేమ్‌రాజ్ నవ్వుతూ.

"మూసిన గని మరువలే. గిన్నెను మోగిచ్చి చూడకుంట పగులు తెల్వదు. నువ్వు మోగిచ్చినవా?"

"మోగిచ్చిన, గీకిన, తవ్విన. పార్టీషన్ టేబుల్ లేదు. టేబుల్ ఒక్కటే పోతే కింద ఫైళ్ళు ఉంటయి, ఏరుకోవచ్చు. పొద్దుటి సంది ఏరుతున్న. ఒక్క ముక్క దొరకలే. పొరపాటున చేస్తే ఇంత సాఫ్‌గ పోదు. ఈ చివర నుంచి ఆ చివర దాక సున్నాలు నింపిండు. గది కావాలని చేసే పని."

మాట గట్టిదే. స్వరూప మనసులో ఒప్పుకుంది. ప్రేమ్‌రాజ్ చవకబారు సరుకు కాదు. వాడి తూకం సరైనదే, రాయి ఎక్కడ పెట్టాలో మాత్రమే చూసుకోలేదు.

ఆమె కంప్యూటర్ డబ్బా ముందు గొంతు కూర్చుంది. ఆ దుకాణంలో దసరా నాడు బొట్టు పడని వస్తువు లేదు. త్రాసుకు ఉంది, ఇనప్పెట్టెకు ఉంది, చెక్కే మిషన్‌కు ఉంది. అన్నిటికీ కింద పసుపు, మీద కుంకుమ. ఎండి, రంగు తగ్గి, దుమ్ము పట్టి ఉన్నాయి. తుడవరు, మళ్ళీ దసరాకే కడుగుతారు. కంప్యూటర్ డబ్బాకూ ముందు అంచున, పక్క మూత వచ్చి కలిసే సందు మీద బొట్టు ఉంది. సందు కనబడకుండా నిండుగా, ఎర్రగా ఉంది.

మరీ ఎర్రగా ఉంది.

స్వరూప ముఖం దగ్గరికి పెట్టి వాసన చూసింది. లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఏందక్కా, కంప్యూటర్‌ను ముద్దుపెట్టుకుంటున్నవా?" అన్నాడు ప్రేమ్‌రాజ్.

"ముద్దు తరువాత. నీ దగ్గర డిస్కు మీటర్ చూసే ప్రోగ్రాము ఉన్నదా?"

"మీటరా?"

"స్కూటర్ ఎంత తిరిగిందో మీటర్ చెప్తది గద. డిస్కు ఎన్ని గంటలు తిరిగిందో డిస్కు కూడా లోపట్నే రాసుకుంటది. పాత సామాను అమ్మిన రోజులల్ల పాత డిస్కులకు కొత్త డబ్బా తొడిగి నాకు అంటగట్టేటోళ్ళు. రెండుసార్లు మునిగిన. మూడోసారి నుంచి మీటర్ చూడకుంట ఒక్కటి కొనలే. నువ్వు డిస్కు లోపట ఏమున్నదో చూసినవ్. డిస్కు ఎవరో చూడలే."

ప్రేమ్‌రాజ్ నవ్వు సగంలో ఆగింది. కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. మొదట చిన్న డిస్కు మీటర్ వచ్చింది. ఏళ్ళ తరబడి నడిచిన పెద్ద సంఖ్య. తరువాత పెద్ద డిస్కుది వచ్చింది. అతను దాన్ని చూశాడు. మళ్ళీ చదివించి చూశాడు.

"నాలుగు గంటలు," అన్నాడు.

"ఇప్పుడు నువ్వు తవ్వుతున్నది ఎన్ని గంటల సంది?"

"నాలుగు గంటల సందే." అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "సున్నాలు నింపితే ఫైళ్ళు పోతయి గని మీటర్ పోదు. ఇది చెరిపిన డిస్కు గాదు. అసలు రాయనే రాయని డిస్కు. నేను కొత్త పలక మీద పాత అక్షరాలు వెతికిన."

ఓడిపోయానని నోటితో అనలేదు కాని, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అందుకు స్వరూప అతనికి మనసులోనే ఒక మెట్టు మర్యాద పెంచింది. తన బజారులో కొత్త సరుకును పాతదని అమ్మినవాణ్ణి ఆమె ఇంతవరకు చూడలేదు. మోసాన్ని తలకిందులు చేసి తెచ్చినా దొరికిపోయిందన్న సంతోషం ఆమె మెడను కాస్త నిటారు చేసింది.

రామలింగయ్య గల్లా మీద నుంచి గొంతు పెంచాడు. "ఇంకేం కావాలె. డిస్కు మార్చి అసలుది ఎత్తుకపోయిండు. చెరుపుడు గాదు, దొంగతనమే. ఆ కాగితంల దొంగతనం అని రాస్త."

"ఆగున్రి సేటూ," అన్నాడు ప్రేమ్‌రాజ్. తరువాత స్వరూపతో అన్నాడు: "గని ఆయన మాట కూడా పడేసేది గాదక్కా. మార్చినోడు డానియేలు ఎందుకు కాగూడదు? నిన్న దుకాణంల ఉన్నడు. ఏ కేబుల్ ఏడికి పోతదో ఎర్క."

డానియేలు ఒక అడుగు ముందుకు వేశాడు. స్వరూప చేయి అడ్డం పెట్టింది.

అప్పుడే సుగుణమ్మ వచ్చింది. రామలింగయ్య భార్య. ఒక చేతిలో భోజనం క్యారియర్, ఇంకో చేతిలో గుడ్డసంచి. అందరి ముఖాలూ ఒకసారి చూసి, క్యారియర్ గల్లా పక్కన పెట్టింది. సంచి మాత్రం చేతిలోనే ఉంచుకుంది.

"అమ్మా, మంచిగ వచ్చిన్రు," అంది స్వరూప. "దసరకు ఈ డబ్బాకు బొట్టు పెట్టింది మీరేనా?"

"నేనే. అన్నిటికీ నేనే పెడ్త."

"జర ఇది చూడున్రి."

సుగుణమ్మ వంగి చూసింది. "ఇది నేను పెట్టింది గాదు బిడ్డా. నేను కింద పసుపు పెడ్త. దీని కింద గంధం ఉన్నది. తడి కూడా పూరా ఆరలే."

"దుకాణంల గంధం ఎవరు తీస్తరు?"

"ఇంకెవరు, ఆయనే. పొద్దున దేవునికి సాన మీద తీస్తడు. ఆ సానను మమ్మల్ని ముట్టనియ్యడు."

బయట హమాలీ ఎవరో బండికి దారి అడుగుతున్న కేక లోపలికి వచ్చి పోయింది.

స్వరూప తొందరపడలేదు. మంచి బేరం చివరి మాట దగ్గర నెమ్మదిగా మాట్లాడాలని ఆమెకు తెలుసు.

"మూత తీస్తే దసర బొట్టు పగులుతది. పగిలింది. డానియేలు తీస్తే అట్లనే ఇడిసిపెట్టి పోతుండె, లేకుంటే తుడిచేస్తుండె. బయటి దొంగయినా గంతే. పగిలిన బొట్టును చూసి మనసొప్పక, కొత్తది పెట్టి కండ్లకు అద్దుకునేది ఈ ఇంటి మనిషే. దొంగలు పడ్డ దుకాణదారుడు అందరికన్న ముందు పగిలిన తాళం చూపిస్తడు. మీరు దాన్ని అతికిచ్చి పెట్టిన్రు. పైనుంచి ఆ మూలకే పోలే అన్నరు. ఒక్కసారి అడిగితే మూడుసార్లు పోలే అన్నరు."

"నేను నిన్ను పిలిచింది నన్ను పట్టనీకేనా?" అన్నాడు రామలింగయ్య. గొంతులో కోపం కన్నా విస్తుపాటు ఎక్కువగా ఉంది.

"సరుకు చూసి చెప్పమని పిలిచిన్రు. చూసి చెప్పిన. ఎవరి సరుకైనా నా త్రాసు ఒక్కటే సేటూ. మీ దుకాణం గాబట్టి ముల్లు వంగదు."

రామలింగయ్య చేతులు గల్లాపెట్టె మీద పరిచి కాసేపు వాటినే చూసుకున్నాడు. ఉంగరం వేలి కొసన కుంకుమ ఎరుపు గోటి కింద ఇంకా ఉంది. దాన్ని ఇప్పుడే చూసినవాడిలా వేలు ముడిచాడు.

"మా తాత గీసిన గీతలు," అన్నాడు చివరికి. "ఒక్కొక్క హంసకు ఆయన కండ్లు పోయినయి. కొండల్ చేతికి పోతే వాడు రేకుల మీద కొట్టి పావుసేరు లెక్కన అమ్ముతడు. పోయినయి అంటే వాడు కూడా ఊకుంటడు అనుకున్న. రాత్రి అందరు పోయినంక మూత తీసి, పెద్దదాని రెండు కేబుళ్ళు ఊడదీసి అట్లనే కొత్తదానికి తగిలిచ్చిన. పొద్దున దేవునికి బొట్టు పెట్టి ఇటు తిరిగితే ఆ పగులు కనపడ్డది. అట్ల ఇడిసిపెట్ట బుద్ధి గాలే."

"మరి నేను?" అన్నాడు డానియేలు.

"నిన్ను జైల్ల పెట్టిద్దామని గాదురా. కాగితం ఇచ్చి, నాలుగు రోజులైనంక నేనే వాపస్ తీసుకుందును. నీకేదన్న చూసి పెడ్దును."

"చెరిపిండు అన్న మాట ఎవరు వాపస్ తీసుకుంటరు సేటూ? చెదలు తిన్న కాగితం మీద మీ తాత గీతకూ చెదల గీతకూ తేడా పట్టి, రెండేండ్లు కూసొని నిలవెట్టిన. ఆ హంసలకు నా కండ్లు కూడ పోయినయి. డిస్కు పోయిందంటే మీరు వాటికోసం ఏడవలే. నేను ఏడ్చిన."

రామలింగయ్య తల వంచి మొలతాడు తాళాలు సవరించుకున్నాడు.

"డిస్కు ఏడున్నది?" అని అడిగాడు ప్రేమ్‌రాజ్.

"ఇంట్ల. దేవుని పటాల ఎన్క."

"లేదు," అంది సుగుణమ్మ.

రామలింగయ్య తల ఎత్తాడు. పొద్దుటి నుంచి ఆ ముఖం మీద స్వరూప చాలా గాబరా చూసింది. అసలైన గాబరా ఇదే మొదటిసారి.

సుగుణమ్మ గుడ్డసంచిలో నుంచి అట్టపెట్టె ఒకటి తీసింది. కొత్త డిస్కు వచ్చే పెట్టె. "డానియేలుకు నకలు తీసుకోనీకి అని కొని తెచ్చిన్రు గద, చాన రోజుల సంది ఇంట్లనే పెట్టుకున్నరు. పొద్దున దీపం పెట్టనీకి పోతే ఈ పెట్టె పటాల ఎన్క ఉన్నది. తెరిచి చూస్తే లోపట పాతది, దుమ్ముతోని. డిస్కు సాఫ్ అయిందని మీరు ఫోన్ చేసినప్పుడే నాకు సమజైంది. ఏం చెప్తరో చూద్దామని ఆగిన. దీపం పెట్టేదానికి దేవుని ఎన్క ఏమున్నదో కనపడదనుకున్నరా?"

పెట్టెను ఆమె భర్తకు ఇవ్వలేదు. డానియేలు చేతిలో పెట్టింది.

డానియేలు కంప్యూటర్ ఆపి, మూత ముందు ఒక్క క్షణం ఆగి సుగుణమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. మూత జరగగానే గంధం బొట్టు రెండు ముక్కలైంది. కొత్త డిస్కు తీశాడు, పాతది పెట్టాడు, రెండు కేబుళ్ళు బిగించాడు. స్విచ్ వేశాడు.

నల్లటి తెర మీద మెనూ వచ్చింది. పైన లినక్స్, కింద విండోస్, రెండు లైన్లూ నిన్న సాయంత్రం వదిలిపెట్టినట్టే ఉన్నాయి. లినక్స్ తెరుచుకుంది. డిజైన్లున్న భాగం తెరుచుకుంది. హంసలు, చిలుకలు, తోరణాలు వరసగా దిగాయి. ప్రేమ్‌రాజ్ వంగి చూశాడు. జాగ తగ్గించిన చోటు, లినక్స్ పెట్టిన చోటు, మధ్య అంచులు అన్నీ చూశాడు.

"సాఫ్ పని," అన్నాడు. "ఎక్కడా ఒక్క గీత అటుఇటు లేదు తమ్మీ. పొద్దున అన్న మాట నాది తప్పు."

డానియేలు తల ఊపాడు. థాంక్స్ చెప్పలేదు. తన పని బాగుందని అతనికి ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు.

ప్రేమ్‌రాజ్ ఫోన్ తీశాడు. "కొండల్‌కు చెప్పాలె."

"నేను చెప్పిన," అంది సుగుణమ్మ, క్యారియర్ విప్పుతూ. "వస్తుండు. అన్నదమ్ములు ఇద్దరు ఒక్క కంచంల తిని తేల్చుకోవాలె ఇయ్యాల."

రామలింగయ్య నెమ్మదిగా గల్లా దిగాడు. కుందె పక్కకు జరిపి ఫిర్యాదు కాగితం అందుకోబోయాడు, చింపేయడానికి.

అంతకన్నా ముందే డానియేలు చేయి దాని మీద పడింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. అబద్ధం మొత్తం అందులో ఉంది. కింద రామలింగయ్య సంతకం ఉంది. ఇస్త్రీ చొక్కా జేబులో దాన్ని పెట్టుకుని గుండీ పెట్టాడు.

"అది ఇటియ్యి రా," అన్నాడు రామలింగయ్య.

"ఇది నా దగ్గర ఉంటది సేటూ," అన్నాడు డానియేలు. "ఈసారి నకలు లేకుంట పని షురు చెయ్య."